మల్లు వేసిన ముడి

ఆ వేసవిలో గేట్ల మరమ్మతు కోసం డుంబ్రిగెడ్డ జలాశయం నీళ్లు బాగా దించేశారు. మొదట చింతచెట్ల మోళ్లు తేలాయి, తరువాత ఇళ్ల పునాదులు, ఆఖరున ఒక బాట. కొండ నడుము చుట్టూ గులకరాళ్లతో, నెర్రెలిచ్చిన ఒండ్రుతో, రెండు తరాలుగా నీటి కింద పడి ఉన్న బాట అది. దాని మీద మొదట సైకిలు తొక్కినవాడు మజ్జి తవిటినాయుడు.

తవిటినాయుడిది విశాఖపట్నం. తారు రోడ్డు కనబడితే ముఖం తిప్పుకునే రకం. కొండలనూ చెరువులనూ కలిపే గులక దారులు వెతికి, ఫోనులో గీతలు గీసుకుని, లావు టైర్ల గ్రావెల్ సైకిళ్ల మీద సరదా ఉన్నవాళ్లను తిప్పడం అతని బతుకుతెరువు. ఇక అనుమానం సంగతంటారా, అది అతనికి పుట్టుకతో వచ్చింది. హోటల్లో ఇడ్లీని కూడా తిరగేసి చూసుకుని గాని తినడు.

ఆ పొద్దున, మునిగిన ఊరివాళ్లు గట్టున కట్టుకున్న కొత్త గొడ్డిపుట్టులో, టీ కొట్టు ముందు టీ తాగుతూ, "గుమ్మిలకొండ దాకా దారి తేలిపోనాది. కొండకి ఏదో నల్లటి బొక్క కూడా కనబడతంది" అన్నాడు. అంతే, కొట్టులో మాటలు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గాని అతని వంక ఎవరూ చూడలేదు. ఒక ముసలాయన సగం టీ వదిలేసి లేచిపోయాడు. ఇక్కడ ఏదో ఉందని తవిటినాయుడి ముక్కు పసిగట్టింది.

బయటికి వచ్చేసరికి అతని సైకిలు పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. పాంగి జమున అని, ఊళ్లో అంగన్‌వాడీ నడుపుతుంది.

"నాయుడు బాబూ, ఆ గుహ కాడికి నన్ను తీసుకెళ్తారా?" అంది.

"ఎందుకూ? ఏటుంది అక్కడ?"

జమున దాచలేదు. పాత ఊరు మునగబోయే రోజుల్లో కొత్త మనుషుల రాకపోకలు ఎక్కువై, దొంగల భయం పట్టుకుంది. పెద్దలు ప్రతి ఇంటి వెండినీ, అంటే కడియాలూ పట్టీలూ రూపాయి బిళ్లల దండలూ, కుండల్లో పెట్టి ఆ గుహలో దాచారు. కొత్త ఊళ్లో అందరి ఇళ్లూ లేచేదాకా ఎవరూ ముట్టకూడదని కొండదేవుడి మీద ఒట్టు వేసుకున్నారు. కాపలా జమున తాత మల్లుది. ఊరంతా చూస్తుండగా అన్ని కుండల మూతులకూ అడ్డతీగ నారతో మల్లు తన చేత్తోనే ముడులు వేశాడు. ఆ ఏడు వానలు ముందే దిగబడి గుహ మూతి మునిగింది. మునగబోయే ముందు ఊరివాడే అయిన గెమ్మెలి గాసి అటునుంచి దిగి వస్తూ జనం కంటపడ్డాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "సూసొచ్చినాను. కుండల్లేవు" అన్నాడు. మల్లు అమ్ముకు తిన్నాడని ఊరు తేల్చేసింది. మల్లు ఆ మాట మోస్తూనే చచ్చిపోయాడు.

"ఇప్పటికీ నేను పిల్లలకి బియ్యం కొలిస్తే, మల్లు మనవరాలని ఇంకోపాలి కొలుస్తారు బాబూ. కుండలు అక్కడున్నాయని ఊరికి తెలియాల. నేనొక్కదాన్నీ వెళ్తే నేనే పెట్టానంటారు. మీతో వెళ్తే మీకు అమ్మేశానంటారు. గాసి కొడుకు కూడా రావాల."

తవిటినాయుడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ పిల్ల తనను దేనికో వాడుకుంటోందనిపించింది. అయినా గుహ అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక ఆగే మనిషి కాడు.

గాసి కొడుకు బొంజుబాబు పిలవగానే వచ్చాడు. అదే తవిటినాయుడికి నచ్చలేదు. మొలలో కత్తి, కళ్లలో ధుమధుమ. వస్తూనే, "మీరు గుప్తనిధులోళ్లా? మిషన్లేటైనా తెచ్చారా?" అని అతని సంచీ తడిమాడు. జమున వైపు తిరిగి, "నీ ఆట ఈరోజుతో కట్టు" అన్నాడు.

"అలాగే బావా" అంది జమున.

బాట నడుమ బండల మెట్లున్నాయి, మోటారు బండి పోదు. నడిచి వెళ్తే చీకటి పడేలోగా తిరిగి రాలేరు. అందుకని ముగ్గురూ తవిటినాయుడి సైకిళ్లే ఎక్కారు. "టైర్లలో గాలి కొంచెం తియ్యండి. గట్టిగా ఉంటే గులక మీద జారిపోద్ది" అని అతను హెచ్చరిస్తే, గాలి తీయడంలోనూ ఏదో మోసం ఉందేమోనని బొంజుబాబు వంగి మరీ చూశాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివినట్టున్నారు.

బాట దిగగానే సైకిళ్లు గడగడలాడాయి. ఒకవైపు నిటారు కొండ, ఇంకోవైపు లోయ అడుగున నల్లగా నిలిచిన నీళ్లు. గులక చక్రాల కింద కరకరమని పక్కకు చిమ్ముతోంది. ఎండిన ఒండ్రు పెంకుల్లా విరుగుతోంది. "బ్రేకు ఒకేసారి నొక్కొద్దు! బరువు ఎనక్కి వెయ్యండి!" అని తవిటినాయుడు అరుస్తూనే ఉన్నాడు. బొంజుబాబు మాత్రం ముందుకు రమ్మంటే రాడు. వెనకాలే ఉంటాడు. తవిటినాయుడు పదే పదే మెడ తిప్పి చూసుకున్నాడు.

కొంత దూరం పోయాక తవిటినాయుడు గబుక్కున ఆగాడు. బాట పక్క మెరక మీద, కొండ ఊటకు తడిసిన ఒండ్రులో మనిషి పాదాల గుర్తులు, అవీ కొత్తవి. కొండ దగ్గరి దాకా వెళ్లి వెనక్కి తిరిగాయి.

"ఎవరివివి?" అని గద్దించాడు.

బొంజుబాబు సైకిలు దిగి ఒక గుర్తు పక్కన తన పాదం ఆనించాడు. ఆ తరువాత, "నావే. నీళ్లు దిగిన సంగతి నాకూ తెలుసు. ఇది ముందే వచ్చి ఏటైనా పెడతాదేమోనని నిన్న కాపు కాశాను. పొద్దువాలాక పై పవర్ హౌసు నీళ్లు వదుల్తారు గదా, తిరిగొచ్చీసినాను" అన్నాడు.

"గుహలోకి వెళ్లావా?"

"నేదు."

నమ్మాలో లేదో తవిటినాయుడికి తెలియలేదు. జమున మొహంలోనూ అదే ప్రశ్న కనబడింది. ముగ్గురూ మళ్లీ పెడళ్లు తొక్కారు గాని, అక్కడినుంచి ఎవరూ ఎవరికీ వీపు చూపించలేదు. మూడు సైకిళ్లూ పక్కపక్కనే నడిచాయి.

గుమ్మిలకొండ కింద గుహ మూతి నాచుతో జిగటగా ఉంది. లోపలికి పాకుతూ పోవాలి. ముందు బొంజుబాబు, నడుమ జమున, చివర టార్చితో తవిటినాయుడు. సొరంగం పైకి ఎక్కుతోంది. మోచేతులు చెక్కుకుపోయాయి. నాచు నీళ్లు మొహాల మీద బొట్లు బొట్లుగా పడ్డాయి. చాలాసేపటికి తడి తగ్గింది, నేల పొడిగా తగిలింది. తవిటినాయుడు లేచి నిలబడి టార్చి తిప్పాడు. నీళ్లు ఎన్నడూ అందుకోని ఆ గదిలో, గోడ వారగా మూతులు కట్టిన కుండలు వరసగా కూర్చుని ఉన్నాయి.

"ఉన్నాయి! బావా, ఉన్నాయి!" జమున గొంతు గుహంతా మారుమోగింది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా.

 బొంజుబాబు చరచరా వెళ్లి చేతికందిన కుండ ఎత్తి ఊపాడు. చప్పుడు లేదు. ఇంకొకటి ఎత్తాడు. అదీ తేలికే. మూడోది ముడి లాగి, మూత తీసి, టార్చి వెలుగులోకి వంచాడు. చిటికెడు మట్టి రాలింది.

"సూశావా! కుండలుంచీసి వెండి తినీశాడు మీ తాత! మా అయ్య అన్నదే నిజం!"

తవిటినాయుడికీ అదే తోచింది. జమున మొహం చూడలేక టార్చి కిందికి దించాడు. అయ్యో పాపం, ఈ పిల్ల తన ఇంటి పరువు తన చేత్తోనే తీసుకుందే అనుకున్నాడు.

జమున కుండల ముందు చతికిలబడింది. వాటి మూతుల వంక చూస్తూ చటుక్కున, "బాబూ, దీపం ఇలా పట్టండి" అంది. ఒక కుండ మూతి మీద వేలు పెట్టింది. పక్క కుండ మీద పెట్టింది. ఆ పక్కదాని మీద కూడా. 

"బావా, మన ఊళ్లో ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే కదా. గింజల కుండ మీద ముడి సూసి ఎవరిదో సెప్పీవచ్చు. ఇవన్నీ ఊరి ముందర మా తాత కట్టినవి. అన్నిటికీ మా ఇంటి ముడే ఉండాల. ఇది కొర్రా వాళ్లది. ఇది కిల్లో వాళ్లది. ఇదిగో, ఇది ఎవరిది బావా?"

టార్చి వెలుగు ఒక కుండ మీద నిలిచింది. రెండు చుట్లు తిప్పి లోపలినుంచి తీసిన ముడి. బొంజుబాబు చిన్నప్పటినుంచి రోజూ వేసే ముడి. అతని చెయ్యి తనంతట తనే పోయి ఒక కొస లాగింది. ముడి ఒక్క లాగుతో వీడిపోయింది. కుండ ఖాళీ.

తవిటినాయుడికి అప్పుడు అర్థమైంది. ఒట్టు వేసినవాళ్లలో ఒక్కరికీ మల్లు మీద గాని, పక్కింటివాడి మీద గాని నమ్మకం లేదు. ఎవరికి వారు చాటుగా వచ్చి, ఎవరి వెండి వాళ్లు తీసుకుని, ఎవరికీ తెలియకూడదని మూతి మళ్లీ కట్టేసి పోయారు. చీకట్లో వేళ్లు మాత్రం అలవాటు మానలేదు. జనం కంటపడ్డ గాసి కుండల్లేవని అబద్ధమాడితే, తమ గుట్టు దాగితే చాలని మిగతావాళ్లూ దానికే తలూపారు.

వరస చివర మల్లు ఇంటి కుండ ఒకటి మిగిలింది. దాని మీద మాత్రం మల్లు వేసిన ముడే ఉంది. జమున దాన్ని విప్పలేదు, ఊపింది. లోపల వెండి గలగలమంది. ఊరందరిలోకీ ఒట్టు నిలబెట్టుకున్నవాడు ఆ ఒక్కడే.

బొంజుబాబు మొలలోంచి కత్తి తీశాడు.

"ఏయ్! ఏటి సేస్తున్నావు!" తవిటినాయుడు కేక వేశాడు. ముడులన్నీ తెగ్గోస్తే కథ అక్కడితో సరి.

జమున అతన్ని చేత్తో ఆపింది. "కొయ్యనీండి. బావా, కోసీ. బయటోళ్ల మాట మన ఊరోళ్లు నమ్మరు, ఫోను బొమ్మలు అసలే నమ్మరు. నువ్వు నోరు తెరిస్తేనే నిజం. తెరవకపోతే మా తాత దొంగే."

కత్తి మొన కొర్రా వాళ్ల ముడి దాకా వెళ్లి ఆగింది. సరిగ్గా అప్పుడే కిందినుంచి బుడబుడమని చప్పుడు వచ్చింది. జమున ఉలిక్కిపడింది. "పై పవర్ హౌసు తిప్పేశారు! నీళ్లొస్తన్నాయి! పొద్దువాలాక గాని తిప్పరే!"

"పదండి! మూతి మూసుకుపోద్ది!" అని తవిటినాయుడు అరిచాడు. "ఆ వెండి కుండైనా తీసుకో జమునా!"

"వద్దు బాబూ. పట్టుకెళ్తే, మల్లు మనవరాలి కాడ వెండి బయటపడ్డాదంటారు. ఇన్నాళ్లున్నాది, ఉండనీ."

ముగ్గురూ జారుకుంటూ కిందికి దిగారు. మూతి దగ్గర నీళ్లు గెడ్డం దాకా వచ్చాయి. ఊపిరి బిగబట్టి బయటపడ్డారు. సైకిళ్లు పల్లంలో సగం మునిగి ఉన్నాయి. భుజాలకెత్తుకుని గట్టెక్కి, బాట మీదికి చేరి, తొక్కడం మొదలుపెట్టారు. పల్లాల్లో నీళ్లు చక్రాల నడుమకు వచ్చేశాయి. ముందు జమున. ఆ వెనక బొంజుబాబు, అందరికీ చివర తవిటినాయుడు. బొంజుబాబు మెడలో నారతో వేలాడుతూ ఏదో ఊగుతోంది. తమ ఇంటి కుండే. నీళ్లలో పారేయడానికే తెచ్చాడని తవిటినాయుడు తీర్మానించుకున్నాడు.

అంతలోనే అతని ముందు చక్రం రెండు బండల సందున ఇరుక్కుంది. ఎగిరి నీళ్లలో పడ్డాడు. ప్రవాహం కాళ్లను లోయ వైపు లాగుతోంది. "తమ్ముడూ!" అని అరిచాడు. బొంజుబాబు వెనక్కి చూశాడు. పడడం చూసినవాడు అతనొక్కడే, చూడనట్టు పోతే ఆ ముడులకు సాక్షి ఒకడు తగ్గుతాడు. 

బొంజుబాబు సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఒక చేత్తో కుండను తల మీదికి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో అతని జబ్బ పట్టి లాగాడు. "లెగండి బాబూ, లెగండి!" అని కసిరాడు. గట్టు మీద పడ్డ తవిటినాయుడు దగ్గుతూ దగ్గుతూ, తాను అనుకున్నదానికి సిగ్గుపడ్డాడు.

మెరక చేరాక బొంజుబాబు చెయ్యి చాపి, "ఫోనులో ఈ దారి గీత గీశారు గదా, తుడిపీండి. రేపు గునపాలు పట్టుకుని ఎవడో వస్తాడు" అన్నాడు. అంత మంచి దారి మళ్లీ దొరకదని తవిటినాయుడికి తెలుసు. అయినా తడవకుండా సంచీలో చుట్టి పెట్టిన ఫోను తీసి, అతని ఎదుటే చెరిపేశాడు. చెరిపింది నిజమో కాదో బొంజుబాబు ఫోను లాక్కుని చూసుకున్నాడు.

ఊరు రేషన్ కొట్టు ముందే కాచుకుని ఉంది. ముసలి గాసి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. అందరి కళ్లూ జమున చేతుల మీద ఉన్నాయి. ఆ చేతుల్లో ఏమీ లేదు.

బొంజుబాబు మెడలోని కుండ తీసి తండ్రి ముందు పెట్టాడు. వీడిన నారను మళ్లీ మూతికి చుట్టి, రెండు చుట్లు తిప్పి, లోపలినుంచి తీసి బిగించాడు.

"అయ్యా, కుండల్లేవన్నావు. ఉన్నాయి. మన దాని మీద ఈ ముడే ఉన్నాది. మల్లు కట్టింది కాదు."

గాసి తల ఎత్తలేదు. బొంజుబాబు జనం వైపు తిరిగాడు. "మిగతావీ అక్కడే ఉన్నాయి. ఎవరి ముడి వాళ్లు సూసుకోవచ్చు. రేపు పొద్దున్న నీళ్లు దిగుతాయి. నాయుడు బాబు సైకిళ్లిస్తాడు, నేను తీసుకెళ్తాను. ఎవరొస్తారు?"

ఎవరూ ముందుకు రాలేదు. కొర్రా పెద్దాయన నేల చూపులు చూశాడు. కిల్లో వాళ్ల ముసలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎదుటివాళ్లు తనను చూస్తున్నారేమోనని ఒక్కొక్కరే ఓరకంట చూశారు. ఎదుటివాళ్లూ అదే చూపు చూస్తున్నారు.

చివరికి గాసి తల ఎత్తాడు. "మల్లు కుండో?" అని అడిగాడు.

"దాన్ని ఎవరూ ముట్టలేదయ్యా" అన్నాడు బొంజుబాబు. "ఆయన కట్టిన ముడి ఆయన కట్టినట్టే ఉన్నాది."

ఆ మాట ఊరంతా విన్నది. జమున రేషన్ కొట్టు మెట్టు మీద కూలబడి, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. ముసలి గాసి గుంజ పట్టుకుని లేచి, ఆమె వైపు నడవడం మొదలుపెట్టాడు.