తల మీద జీలకర్ర బెల్లం

"తెలుగు చదవడమే రాదు, నీకు తెలుగు సంస్కృతి అవార్డు కావాలా?" అంది ప్రసూన.

"నీకొక్కదానికే వస్తే బోర్ కదా!" అన్నాడు రాజాబాబు.

అది 1994. భిలాయిలో ఆ కాలేజీ నిండా బెంగాలీలు, మలయాళీలు, పంజాబీలు, మనవాళ్లు. తమ ఇంటి సంస్కృతిని అందరికీ బాగా పరిచయం చేసిన విద్యార్థికి ఏటా ఓ కప్పు ఇచ్చేవారు. దానికోసం ప్రసూన ఏడాదంతా క్లాసులో అందరికీ ముగ్గులు నేర్పింది. రాజాబాబు ఏడాదంతా ప్రసూనని చూశాడు.

వాడిక్కావలసింది కప్పు కాదు, ఆ పిల్ల. కానీ ఆమె తండ్రి భుజంగరావు ఉక్కు ప్లాంటులో ఆఫీసరు. వీడి నాన్న అక్కడే క్రేన్ ఆపరేటరు. దాంతో ప్లాంటు కాలనీలో, సెక్టర్ 2లో పుట్టి పెరిగిన ఈ మొనగాడికి ఆ మాట చెప్పడానికి ఏ భాషలోనూ నోరు పెగల్లేదు.

"నా ఆఖరి ఐటమ్ తెలుగు పెళ్లి. పెళ్లికూతుర్ని నేనే. పెళ్లికొడుకుగా చేస్తావా?"

"చేస్తా! కానీ నిజంగా పెళ్లయిపోతే? ఒక పని చేద్దాం, ఫేరే తీసేద్దాం. అగ్ని చుట్టూ ఏడుసార్లు తిరక్కపోతే షాదీ కానట్టే."

పాపం, వాడు చూసిన పెళ్లిళ్లన్నీ పక్క క్వార్టర్ల హిందీవాళ్లవి.

ప్రసూన వాడివంక కాసేపు చూసి, నవ్వాపుకుంది. "సరే. తాళి కూడా వద్దు. జీలకర్ర బెల్లం చాలు."

"అదేటి, ప్రసాదమా?"

"తల మీద పెట్టాలి. తినేయకు బాబూ!"

కాలేజీ డే నాడు స్టేజి మీద ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. మధ్యలో అడ్డుతెర తీశారు. ఆమె కళ్లు చూసి వాడు చెయ్యి తీయడం మర్చిపోయాడు.

ముందు వరసలోంచి వాడి నానమ్మ గున్నమ్మ లేచింది. "ఓలమ్మో! పెళ్లయిపోనాది!"

"నానమ్మా, నాటకం!"

"నాటకమేట్రా గుంటడా! జీలకర్ర బెల్లం పెట్టడమే మన ముహూర్తం. అది అయిపోనాక ఇంకేటుంది?" అంటూ స్టేజెక్కి ఇద్దరి మీదా అక్షింతలు చల్లేసింది.

తెలుగు రాని ప్రిన్సిపాల్ అదీ నాటకమే అనుకుని, "వాహ్!" అంటూ ఇద్దరి చేతుల్లో కలిపి ఒకే కప్పు పెట్టాడు.

భుజంగరావు విసవిసా వచ్చాడు. "ఏమయ్యా, నిజంగా పెట్టమన్నదెవరు?"

"కసమ్‌సే అంకుల్, నాకు తెలీదు!"

"నాకు తెలుసు నాన్నా," అంది ప్రసూన తల వంచుకుని.

రాజాబాబు చేతిలోంచి కప్పు జారినంత పనైంది.

"ఇదంతా ఉత్తిదే!" అని అరిచాడు భుజంగరావు. "ఇళ్లకెళ్లి తలంటు పోసుకోండి. బెల్లంతోపాటు పెళ్లీ పోతుంది."

మర్నాడు పొద్దున్నే రాజాబాబు ప్రసూన వాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు, రెండు చేతులా తల గోక్కుంటూ.

"చీమలా?" అంది ప్రసూన.

"బహుత్!"

"మరి కడుక్కోలేదేం?"

"కడుక్కుంటే పెళ్లి పోతుందన్నారు కదా మీ నాన్న. నాకది పోకూడదు."

ప్రసూన కళ్లు తుడుచుకుని, తన జడ ముందుకు వేసుకుని చూపించింది. అక్కడా రెండు చీమలు పాకుతున్నాయి.

లోపల పేపరు వెనకనుంచి భుజంగరావు గట్టిగా నిట్టూర్చాడు.

"కుంకుడుకాయలు కొట్టమ్మా, ఇద్దరూ తలలు కడుక్కోండి. చదువులయ్యాక పెళ్లి నేనే మళ్లీ చేస్తాను."