ఓవెన్ తలుపు

"అయ్యో! తలుపు తీసేశారా?"

మెకానిక్ ఉలిక్కిపడి ఓవెన్ తలుపు ధడాల్న మూశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. లోపల ముచ్చటగా పొంగిన కేకు నడిమధ్యన కుంగిపోయింది.

"రిపేరు చేశాను కదా, సరిగ్గా కాలుతోందో లేదో చూద్దామని..."

"అది పెళ్ళి కేకు! సాయంత్రానికి ఇవ్వాలి. ఇంకో పావుగంట ఆగలేకపోయారా?" బేకరీ అమ్మాయి కళ్ళెర్రజేసింది.

"ఆగడం నాకు చేతకాదండీ."

"తెలుస్తూనే ఉంది, తొందరయ్యగారూ!"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆమె తండ్రి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

తొందరయ్య మాత్రం జారుకోలేదు. చొక్కా చేతులు మడిచి గుడ్లు కొట్టాడు, గిన్నెలు తోమాడు, రెండో కేకు తయారయ్యేదాకా ఉన్నాడు. దాని మీద క్రీము పూసేసరికి ఆమె కోపం చల్లారింది. అతను మనసు పారేసుకున్నది అంతకంటే ముందే.

ఆ తర్వాత ఓవెన్‌కి ఏ జబ్బూ లేకపోయినా వచ్చి పలకరించేవాడు. ఒకరోజు బన్ను కొని, చిల్లర తీసుకుంటూ అడిగేశాడు. "మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆమె బిత్తరపోయి, తర్వాత నవ్వింది. "మీరంటే ఇష్టమే. కానీ నాకు కొంచెం టైం కావాలి. నేనే చెప్తాను."

తొందరయ్యకి అన్నీ కావాలి, ఇవాళే కావాలి. సొంత షాపు, కొత్త వ్యాను, పెద్ద హోటల్ కాంట్రాక్టు. ఒకరి ఫ్రిజ్ విప్పి పెట్టి ఇంకొకరితో ఫోన్లో బేరమాడే రకం. అలాంటివాడు ఊరుకుంటాడా? పొద్దున మెసేజ్, మధ్యాహ్నం ఫోను, సాయంత్రం స్వయంగా ప్రత్యక్షం. అన్నిటిలో ఒకటే ప్రశ్న. "ఆలోచించారా?"

చివరికి ఆమెకి ఒళ్ళు మండింది.

"మీకు కావాల్సింది నేనా, నా జవాబా? నా మనసులో ఏదో ఇప్పుడిప్పుడే పొంగుతోంది. మీరేమో గంటకోసారి తలుపు తీసి చూస్తున్నారు. ఇంకొక్కసారి అడిగారంటే నా జవాబు 'వద్దు' అనే!"

అతను భయపడిపోయాడు. ఆ భయంలో ప్రేమనే మానేద్దామనుకున్నాడు. బేకరీ వీధి వైపు తొంగి చూడలేదు. తిండి మీద కూడా అలిగాడు.

"నువ్వు పస్తుంటే ఆ అమ్మాయికి కడుపు నిండుతుందా?" అని అక్క కంచం ముందుకు తోసింది. "కావాలనుకోవడం తప్పని ఎవరన్నార్రా? కోరిక నీ చేతిలో ఉండాలి గానీ, నువ్వు దాని చేతిలో ఉంటే ఎలా?"

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె తండ్రి ఫోన్ చేశాడు. ఓవెన్ వేడెక్కడం లేదట. ఈసారి నిజంగానే.

తొందరయ్య తన ఫోన్ ఆపేసి, కాలిపోయిన వైరు మార్చాడు. ఆమె కేకు లోపల పెట్టింది. అతను పిండి బస్తా మీద కూర్చున్నాడు. ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. బయట వాన చప్పుడు, గదినిండా వెనిలా వాసన, ఆమె బుగ్గ మీద కాస్త పిండి. ఎన్నాళ్ళకో అతనికి ఏ వెలితీ అనిపించలేదు. హాయిగా ఉంది.

"అడగరా?" అంది ఆమె.

"అడగను."

"ఇష్టం తగ్గిందా?"

"రవ్వంత కూడా తగ్గలేదు. దాన్ని కుదురుగా పక్కన కూర్చోబెట్టుకోవడం నేర్చుకుంటున్నా. మీరు వద్దంటే బాధపడతాను గానీ, ఈ పావుగంట మాత్రం నాదే."

ఆమె చాలాసేపు అతన్నే చూసింది.

టైమర్ మోగింది. అయినా అతను లేవలేదు. ఆమె తన చేతి తొడుగులు విప్పి అతనికి తొడిగింది.

"ఇప్పుడు తీయండి."

తలుపు తీశాడు. కేకు నిండుగా పొంగి ఉంది.

"అంటే... ఒప్పుకున్నట్టేనా?" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"అమ్మా, తొందరయ్య మళ్ళీ అడిగేశాడు!" గల్లాపెట్టె దగ్గర్నుంచి తండ్రి కేకేశాడు.

"అడగనివ్వండి నాన్నా," అందామె, అతని చెయ్యి పట్టుకుంటూ. "ఈసారి టైముకే అడిగారు."