తాళం నా చేతిలోనే ఉంది

కారు కదులుతోంది!

సీతాలక్ష్మి చేతిలో పొగలు కక్కుతున్న చిక్కటి కరక్ టీ. భుజాన హ్యాండ్‌బ్యాగ్. బ్యాగ్‌లో కారు తాళం.

తాళం ఇక్కడుంటే కారెలా కదులుతుంది?

ఒక్క క్షణం బుర్ర పనిచేయలేదు. తర్వాత కనిపించాడు... డ్రైవింగ్ సీట్లో ఎవడో నీలం చొక్కావాడు!

వెనక సీట్లో ధాత్రి ఉంది.

ఆరేళ్ళ పిల్ల. స్కూల్ నుంచి వస్తూ నిద్రపోయింది.

టీ కప్పు నేల మీద పడింది.

"ఆపు! నా కూతురు! స్టాప్! ఆపరా!"

ఆగలేదు. మలుపు తిరిగి లుసైల్ వీధిలోంచి హైవే వైపు దూసుకుపోయింది.

ఈ గల్ఫ్ దేశంలో అందరూ చేసేదే తనూ చేసింది. టీ కొట్టు ముందు కారాపి హారన్ కొడితే కుర్రాడు వచ్చి కిటికీలోంచి టీ అందిస్తాడు. ఇవాళ ఎంత కొట్టినా ఎవడూ రాలేదు. బయట జూన్ ఎండ. ఏసీ ఆపితే పిల్ల ఉడికిపోతుంది. రెండు నిమిషాలే కదా అనుకుని ఇంజిన్ ఆన్‌లోనే వదిలి దిగింది.

కొంప మునగడానికి రెండు నిమిషాలు కావాలా? అర నిమిషం చాలు!

చెప్పులు జారిపోతున్నా పరిగెడుతోంది. ఊపిరి అందడం లేదు.

కీచుమంటూ పక్కన ఒక పికప్ ఆగింది. వెనక నిండా మంచినీళ్ళ బాటిళ్ళు.

"మేడం! ఎక్కుండ్రి! జల్ది!"

తెలుగు! ఆ మాట వినగానే ఏడుపు తన్నుకొచ్చింది. తలుపు తీసి ఎక్కేసింది.

"బాబూ, నా కారు... మా పాప లోపలుంది..."

"చూసిన మేడం. ఆ కొట్టుకు నీళ్ళు దింపనీకే వచ్చిన. వాడు ఉరికొచ్చి ఎక్కిండు. నా పేరు గజేందర్, మాది జగిత్యాల. పరేషాన్ కాకుండ్రి, పట్టుకుందాం!"

పికప్ ఊగిపోతూ హైవే ఎక్కింది. దూరంగా ఎర్ర కారు కనిపిస్తోంది. తనదే! బోర్డు మీద బాణం గుర్తు... మదీనత్ అల్ షమాల్. ఉత్తరానికి పోతున్నాడు. అటు పోయేకొద్దీ ఇళ్ళు తగ్గిపోతాయి. మిగిలేది ఇసుక!

గజేందర్ తన ఫోన్ ఇచ్చాడు. సీతాలక్ష్మి పోలీసులకు చేసింది. రంగు, నంబర్, దారి, పాప... అన్నీ గడగడా చెప్పింది.

"కార్ పంపిస్తున్నాం. ఫోన్ దగ్గరే ఉంచుకోండి."

అద్దంలో చూసి గజేందర్ అన్నాడు. "వచ్చేసిన్రు మేడం! ఎన్క చూడుండ్రి!"

తెల్ల ల్యాండ్ క్రూజర్. ముందు సీట్లలో ఇద్దరు. నల్లకళ్ళద్దాలు.

"అంత తొందరగానా?"

"సీఐడీ అయ్యుంటరు. యూనిఫాం ఉండది."

గుండె కాస్త కుదుటపడింది. బ్యాగ్‌లోంచి కారు తాళం తీసి గుప్పిట బిగించింది.

"గజేందర్ గారూ, తాళం నా చేతిలోనే ఉంది. వాడు ఒక్కసారి ఇంజిన్ ఆపాడా... ఇక అయిపోయినట్టే. కీ లేకుండా బటన్ నొక్కితే స్టార్ట్ అవదు."

"ఆపకుంటే?"

"ఎందుకాపడు? పెట్రోల్ లేదు! పొద్దుటి నుంచీ ఎర్ర లైటు వెలుగుతోంది."

ఆ మాట అన్నాక తనకే భయమేసింది. ఎడారి మధ్యలో పెట్రోల్ అయిపోతే? ఏసీ ఆగిపోతే? తలుపులు వేసి వాడు పారిపోతే?

పిల్ల!

బ్యాగ్‌లోంచి తన ఫోన్ తీసింది. ధాత్రి చేతికి వాచ్ ఫోన్ ఉంది. చేసింది. రింగ్... రింగ్... రింగ్...

ఎత్తవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను!

"అమ్మా..." నిద్రమత్తు గొంతు. "నువ్వెక్కడున్నావ్? ఎవరో అంకుల్ కార్ నడుపుతున్నాడు."

"ఏడవకు కన్నా. అమ్మ నీ వెనకాలే ఉంది. ఫోన్ కట్ చెయ్యకు."

అటు నుంచి మగ గొంతు. హిందీలో అరిచాడు.

"కౌన్ హై? పీఛే కౌన్ హై?"

వెనక పిల్ల ఉందని వాడికి ఇప్పుడే తెలిసింది!

ముందు ఎర్ర కారు ఊగింది. పక్కకు జరిగింది. రోడ్డు వార ఇసుకలో ఆగింది... వెనక లైట్లు ఆరిపోయాయి!

"ఆపాడు! ఇంజిన్ ఆపేశాడు!"

పికప్ పూర్తిగా ఆగకముందే సీతాలక్ష్మి దూకేసింది.

వాడు దిగాడు. వెనక తలుపు తీశాడు. వంగి పిల్లను చూశాడు. తలెత్తి పరిగెత్తుకొస్తున్న సీతాలక్ష్మిని చూశాడు. చెయ్యి ఊపాడు... రమ్మన్నట్టు!

అంతలో వాడి చూపు ఆమెను దాటి వెనక్కి పోయింది. మొహం పాలిపోయింది.

తలుపు ధడేల్మంది. వాడు మళ్ళీ సీట్లోకి దూకాడు.

"నొక్కుకో! ఎంత నొక్కుతావో నొక్కుకో!" ఆమె ఆయాసంలో కూడా నవ్వింది. "తాళం నా చేతిలో..."

బ్ర్ర్ర్‌మ్!

ఇంజిన్ స్టార్ట్ అయింది!

ఇసుక మొహాన కొట్టింది. కారు వెళ్ళిపోయింది.

ఆమె చేతిలో తాళం అలాగే ఉంది.

"ఎట్ల మేడం? గదెట్ల స్టార్ట్ అయితది?" పికప్‌ను మళ్ళీ హైవే ఎక్కిస్తూ గజేందర్ అడుగుతున్నాడు. "ఇంకో కీ ఉన్నదా?"

"ఉంది. ఇంట్లో... కాదు..."

అయ్యో రామా!

ముడుపు!

కొత్త కారుకు పూజ చేసిన రోజు కాకినాడ నుంచి అత్తగారు వీడియో కాల్‌లో చెప్పారు. ముడుపులో బండి తాళమే కట్టాలమ్మా, మన ఇంటి ఆనవాయితీ. ఏడాది క్షేమంగా తిరిగాక అన్నవరం కొండ మీద ఇచ్చేద్దురుగాని. తను రెండో తాళాన్ని రూపాయి బిళ్ళతో కలిపి పసుపు గుడ్డలో మూట కట్టింది. అద్దానికి వేలాడదీసింది. మొగుడు గురుప్రసాద్ పడీపడీ నవ్వాడు. "ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టుంది నీ భక్తి!" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ దాని సంగతే మర్చిపోయారు. కారు ఒక్కోసారి లాక్ అవకుండా మొరాయిస్తుంటే సర్వీస్‌కి ఇవ్వాలనుకున్నారు తప్ప, కీ లోపలే వేలాడుతోందని ఇద్దరికీ తట్టలేదు.

మొగుడు అన్నది నిజమే. ఈ జన్మలో ఆ ముక్క ఒప్పుకుని చావాలి!

"అమ్మా..." ఫోన్‌లో ధాత్రి వెక్కుతోంది. "దాహం వేస్తోంది. నీళ్ళు కావాలి."

"కొంచెంసేపు ఓర్చుకో బంగారం..."

చిన్న చప్పుడు. మూత తిప్పిన చప్పుడు. గుటకలు.

"తాగావా? ఎక్కడివి?"

"అంకుల్ ఇచ్చాడు."

సీతాలక్ష్మి కళ్ళు పెద్దవయ్యాయి. స్పీకర్ మీద వేలు అడ్డం పెట్టింది.

"గజేందర్ గారూ! పాప అడిగింది తెలుగులో!"

"ఔ మేడం."

"వాడు నీళ్ళిచ్చాడు!"

గజేందర్ నోరు తెరిచాడు. "అంటే... వానికి తెలుగొస్తది! హిందీల నాటకమాడుతుండు దొంగ నా కొడుకు!"

ఈ దేశంలో ఎన్నిసార్లో... లిఫ్ట్‌లో, మాల్‌లో, పక్కన ఎవరున్నారో చూడకుండా ఎన్ని గుట్లు తెలుగులో వాగిందో! మనకు తప్ప ఎవరికీ రాదనే ధీమా. ఇప్పుడు వాడికీ అదే ధీమా. తనకు తెలుగు రాదని సీతాలక్ష్మి నమ్ముతోందని వాడు అనుకుంటున్నాడు.

అనుకోనీ!

వేలు తీసింది. గుసగుసగా, కానీ వాడికి వినిపించేంతగా మాట్లాడింది.

"ధాత్రీ, జాగ్రత్తగా విను. అద్దానికి పసుపు మూట వేలాడుతోందే... అందులో జీపీఎస్ పెట్టాం. దాన్ని బట్టే కారు ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తోంది. అంకుల్‌కి చెప్పకు. ముట్టుకోకు. అది ఉన్నంతసేపూ ఎంత దూరం పోయినా దొరికిపోతాడు."



ఫోన్‌లో ఒకటే గాలి హోరు.

ముందు కారు కిటికీ దిగింది. ఒక చెయ్యి బయటికొచ్చింది. పసుపు మూట గాల్లోకి లేచింది... రోడ్డు మీద రెండు గెంతులు గెంతి వెనక్కి దొర్లిపోయింది!

ఫోన్‌లో టింగ్... టింగ్... టింగ్... కారు గోల పెడుతోంది, కీ లేదు కీ లేదు అని. వాడు పట్టించుకోవడం లేదు.

"పారేశాడు! తన తాళం తనే పారేసుకున్నాడు!"

"శభాష్ మేడం!" గజేందర్ స్టీరింగ్ మీద ఒక్కటి చరిచాడు.

సత్యదేవా, ముడుపు దారిలోనే ముట్టిందనుకో స్వామీ. నా పిల్లను నాకిచ్చెయ్!

పెట్రోల్ బంక్!

ఎర్ర కారు అందులోకి తిరిగింది. తిరగక చస్తుందా!

యూనిఫాం వేసుకున్న బంక్ కుర్రాడు చేత్తో సైగ చేశాడు. ఇంజిన్ ఆపమని. ఇక్కడ ఎంతటివాడైనా ఆపాల్సిందే.

లైట్లు ఆరిపోయాయి.

పికప్ దూరంగా ఆగింది. సీతాలక్ష్మి దిగి ఉరకబోయింది. గజేందర్ చెయ్యి పట్టి లాగాడు.

"పోకుండ్రి! కీ మీ చేతుల ఉన్నది! మీరు కారు కాడికి పోతే వానికి స్టార్ట్ అయితది!"

నిజం! తను దగ్గరికి పోతే కారుకి ప్రాణం వస్తుంది. పోకుంటే పిల్ల అందులోనే ఉంటుంది.

వాడు నొక్కుతున్నాడు. మళ్ళీ నొక్కుతున్నాడు. బటన్‌ను పిడికిలితో గుద్దుతున్నాడు. రావడం లేదు!

"మీరు వెళ్ళండి. నేనిక్కడ్నుంచే తలుపు తీస్తా."

గజేందర్ వంగి పరిగెత్తాడు. కారు వెనక్కి చేరాడు. ఆమె తాళం మీద బటన్ నొక్కింది.

టక్!

వెనక తలుపు తెరుచుకుంది. గజేందర్ పిల్లను లాగి చంకనేసుకుని ఒకటే పరుగు.

ధాత్రి ఒళ్ళోకి వచ్చి పడింది. వెచ్చటి పిల్ల. ఏడుస్తున్న పిల్ల. తనూ భోరుమంది. ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు!

"వాచ్ పడిపోయిందమ్మా."

"పోనీ తల్లీ. పోతే పోనీ."

చేతిలోని ఫోన్‌లోంచి గొంతు వచ్చింది. కారులో పడిపోయిన వాచ్ ఇంకా లైన్లోనే ఉంది. ఈసారి హిందీ కాదు.

"అక్కా! నీ కాళ్ళు మొక్కుత. తాళం ఇటు పారెయ్యి. ఎన్కొచ్చినోళ్ళు పోలీసులు కాదు!"

సీతాలక్ష్మి పిల్లను గట్టిగా హత్తుకుని వెనక్కి చూసింది.

తెల్ల ల్యాండ్ క్రూజర్ బంక్‌లోకి వచ్చి ఆగింది.

"నా పేరు లింబాద్రి. వైఫై చెకింగ్ డ్యూటీ అని చెప్పి నాతోని ఒక సంచి మోపిచ్చిన్రు. విల్లాల గోడల పొంటి నడువుమన్నరు. ఇంట్ల ఉన్న కీ సిగ్నల్ పట్టి బయట కారుకు అందిచ్చే డబ్బా అది! కార్లు దొంగతనం చేస్తున్నరని ఇయ్యాల తెలిసింది. సంచి పట్కొని పోలీసుల కాడికి ఉరుకుతుంటే ఎన్కపడ్డరు, గందుకే నీ కారెక్కిన. చంపుతరక్కా! పాపను నీకిద్దామనే మధ్యల ఆపిన. వాళ్ళు ఎన్కనే వచ్చిన్రు!"

రోడ్డు వార రమ్మన్నట్టు ఊపిన చెయ్యి. పాలిపోయిన మొహం. పాపకిచ్చిన నీళ్ళు.

నల్లకళ్ళద్దాల వాళ్ళిద్దరూ దిగారు. ఒకడు ఎర్ర కారు వైపు. ఒకడు నవ్వుతూ తన వైపు.

"మేడం, పోలీస్. చాబీ దీజియే."

తాళం ఇమ్మని చెయ్యి చాపాడు.

అంతలో గజేందర్ జేబులో ఫోన్ మోగింది. తీసి విన్నాడు, బంక్ గుర్తు చెప్పాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం... పోలీసులు చేస్తున్నరు. ఇప్పుడే హైవే ఎగ్జిట్ కాడికొచ్చిన్రట. మనమెక్కడున్నమని అడిగిన్రు!"

చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.

ఆమె తాళం వైపు చూసుకుంది.

లింబాద్రిని బోనులో పెట్టింది తనే. కదలకుండా చేసింది తనే!

"లింబాద్రీ! పట్టుకో!"

బలమంతా పెట్టి విసిరింది. తాళం ఆ మనిషి తల మీదుగా ఎగిరి, తెరిచున్న కిటికీలోంచి సీట్లో పడింది.

బ్ర్ర్ర్‌మ్!

ఎదుట రోడ్డు ఖాళీ! పో! పారిపో!

తన ముందున్నవాడి నవ్వు మాయమైంది. చొక్కా కిందికి చెయ్యి పోయింది. పిస్తోలు బయటికొచ్చింది. సీతాలక్ష్మి పిల్లను కప్పేసి వెనక్కి తిరిగింది.

ఎర్ర కారు రోడ్డు వైపు పోలేదు.

తిరిగింది. నేరుగా పిస్తోలు వాడి మీదికి వచ్చింది!

ధన్!

పిస్తోలు పేలి కారు అద్దం పగిలింది. కారు గుద్దిన దెబ్బకి ఆ మనిషి ఎగిరి పడ్డాడు. పిస్తోలు పంపు కిందికి జారిపోయింది. రెండోవాడు ల్యాండ్ క్రూజర్ వైపు పరిగెత్తాడు... బంక్ దారికి అడ్డంగా పోలీస్ కార్ వచ్చి నిలబడింది.

ఎర్ర కారు పికప్‌కు ఇవతలే ఆగిపోయింది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. స్టీరింగ్ మీద నీలం చొక్కా వాలి ఉంది. భుజం ఎర్రబడుతోంది.

ఫోన్‌లో సన్నటి గొంతు వినిపించింది.

"అక్కా... పాపకు ఏం కాలేదు గదా?"

సీతాలక్ష్మి ధాత్రిని గజేందర్ చేతుల్లో పెట్టింది. పికప్ వెనక నుంచి ఒక నీళ్ళ బాటిల్ లాక్కుని కారు వైపు పరిగెత్తింది.