గడప దాటకూడని పెట్టె

"ఈసారి దొంగతనం కాదు. కాపలా," అన్నాడు పెద్దాయన.

ఉడుం మొహం వేలాడేశాడు. పట్టు పడితే వదలడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన కోడ్ నేమ్ అది. తాళాలు తీయడం, గోడలు దూకడం, మీసాలు మార్చడం తప్ప వేరే విద్య ఎరగని మనిషిని కాపలా ఉండమంటే ఎలా ఉంటుంది చెప్పండి!

"టార్గెట్?"

"మందుల కంపెనీ. శాంపిల్ గది. తయారైన ప్రతి బ్యాచ్‌లోంచీ ఒక పెట్టె అక్కడ దాచాలి, అది రూలు. విదేశీ ముఠా ఒకటి వాళ్లకు కల్తీ పొడి అంటగట్టింది. ఆ పొడితో చేసిన మాత్రల్లో ఇక మిగిలింది ఆ ఒక్క పెట్టే. ఈ పూట కోర్టు కమిషనర్ వచ్చి దానికి సీలు వేస్తాడు. ఆలోగా దాన్ని పనికిరాకుండా చేయాలని ముఠా చూస్తోంది."

"నేనే ముందు ఎత్తుకొచ్చేస్తే?"

పక్కనే ఉన్న లాయరమ్మ కస్సుమంది. "ఎత్తుకొస్తే అది చెత్తతో సమానం. మీరే ఏదో కలిపి తెచ్చారంటారు. కోర్టు సీలుతోనే అది ఆ గడప దాటాలి. లేదంటే మీ అక్క కేసు కొట్టేస్తారు, ఆ మందు మళ్లీ షాపుల్లోకి వస్తుంది."

అవును, అక్క కేసే. తల్లి పోయాక ఉడుంని చంకనెత్తుకుని పెంచిన అక్క. మోకాళ్ల నొప్పికని డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంది, రెండు కిడ్నీలూ చెడ్డాయి. నేను రాసింది మంచి మందే అంటాడు డాక్టరు. మోతాదు ఆయన చూసుకోవాలి అంటుంది కంపెనీ. ఆవిడకా జబ్బు ముందే ఉందేమో అంటాడు కంపెనీ లాయరు. హవ్వ! రాసినవాడిది కాదు, చేసినవాడిది కాదు, మింగినదానిదే తప్పయింది. "ఎవరి తప్పో తేలకుండానే పోతాన్రా తమ్ముడూ," అని నిన్న ఆసుపత్రి మంచం మీద అక్క ఏడ్చింది. అప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

ఏసీ మెకానిక్ వేషంలో, అంటించిన మీసంతో, చెవిలో ఆవగింజంత రేడియోతో ఉడుం కంపెనీలోకి నడిచాడు. శాంపిల్ గది దగ్గర చిలక ఎదురైంది. అదీ కోడ్ నేమే. పేరుకు క్వాలిటీ ఆఫీసరు, నిజానికి డిపార్ట్‌మెంట్‌కు లోపలి కబుర్లు చేరవేసే ఏజెంటు. ఆమె నవ్విందంటే సెక్యూరిటీవాళ్లు ఐడీ కార్డు అడగడం మర్చిపోతారు.

"చల్లదనం తగ్గిందా?" కోడ్ మాట విసిరాడు.

"మీరొచ్చారుగా, సర్దుకుంటుంది."

లోపలికి వెళ్లగానే ఆమె అరలోంచి పెట్టె తీసి అతని చేతిలో పెట్టింది. "ముఠావాళ్లు మెట్లెక్కుతున్నారు. తగలబెట్టేస్తారు. పట్టుకుని పారిపో!"

"కానీ కోర్టు..."

"కోర్టంట కోర్టు! మీ అక్క బతకాలా, రూలు బతకాలా?"

ఆ మాటతో అతని బుర్ర పనిచేయడం మానేసింది. పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తాడు. గడప మీద కాలు ఎత్తాడు కూడా. అప్పుడు కనిపించింది కారిడార్‌లో కెమెరా, సరిగ్గా అతని మొహం మీదికే తిరిగి. తగలబెట్టాల్సిన పనేముంది వాళ్లకు? పెట్టె ఇతను పట్టుకుపోతే చాలు, ఆ వీడియో చూపించి కేసు కొట్టించేస్తారు.

"నువ్వెవరి మనిషివే?"

చిలక భుజాలెగరేసింది. "రెండు పడవల మీద కాళ్లు పెట్టినదాన్ని. వాళ్ల పడవ పెద్దది, నన్నేం చేయమంటావ్?"

ఉడుం ఆమెను బయటికి నెట్టి గడియ వేశాడు. పెట్టెను అరలో పెట్టేశాడు. ఎత్తు పారకపోయేసరికి మరుక్షణం తలుపు మీద ముఠావాళ్ల గునపం పోటు పడింది. వీపు తలుపుకి, కాళ్లు ఇనుప అరకి ఆనించి బిగబట్టాడు. సందులోంచి యాసిడ్ చిమ్మి భుజం కాలింది. "అమ్మా!" అని కేక పెట్టాడు, కదల్లేదు. నేను జరిగితే అక్క పోతుంది, అంతే, ఇంకో ఆలోచన లేదు. గడియ ఊడిపడింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. గునపం పెట్టెకు జానెడు దూరంలోకి వచ్చింది.

"ఆగండి! కోర్టు ఆర్డరు!"

పోలీసులతో, లాయరమ్మతో కోర్టు కమిషనర్ దిగాడు. ముఠావాళ్లు చేతులెత్తారు. చిలక మాత్రం తడుముకోకుండా పడవ మార్చింది. "సార్, ఈ మెకానిక్కే పెట్టె ఎత్తుకుపోబోయాడు. నేను అడ్డుపడ్డా. కావాలంటే కెమెరా చూడండి!"

లాయరమ్మ మొహం పాలిపోయింది. "పెట్టె పట్టుకుంది ఎవరో తెలియకపోతే సీలు నిలబడదు," అంది మెల్లగా. "అసలు మనిషి, అసలు పేరుతో ప్రమాణం చేయాలి."

చెవిలో పెద్దాయన గొంతు గరగరమంది. "నోరు విప్పావో, నీ ఉద్యోగం హుళక్కే!"

ఉడుం రేడియో పీకి జేబులో వేసుకున్నాడు. మీసం ఊడదీశాడు. తన అసలు పేరు, తండ్రి పేరు చెప్పాడు. పెట్టె ఎత్తింది తానేననీ, అది గడప దాటలేదనీ, మాత్రలను తాను ముట్టలేదనీ ప్రమాణం చేశాడు. పెట్టె గడప దాటలేదని కెమెరాలోనూ ఉంది. కమిషనర్ లక్క కరిగించి సీలు కొట్టాడు.

"వృత్తి?"

"గూఢచారినండి."

ఆయన రాస్తున్న కాగితంలోంచి తల కూడా ఎత్తలేదు. "గవర్నమెంటా, ప్రైవేటా?"

"ఇప్పటిదాకా గవర్నమెంటేనండి," అన్నాడు ఉడుం.