వదలని గుక్క

సాయంత్రం నాలుగు గంటలు. పొద్దుటి వాన తెరిపిచ్చింది గానీ మబ్బు విడవలేదు. గాలి లేదు. పాళెంలో ఏ ఇంట్లోనూ పొయ్యి రాజుకోలేదు. ఆడవాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు.

నాగులమ్మ మాత్రం వాకిట్లో కూర్చుంది. ఒడ్డుకు పోతే సముద్రం వైపు చూడాలి.

మద్రాసుకు ఉప్పు మోసే పాత స్టీమరు తెల్లవారుజామున మునిగిపోయింది. అందులో ఆమె ఇంటివాళ్ళు ముగ్గురు. మొగుడు చిన్నపోలయ్యకూ, మరిది చెంగయ్యకూ పైన డెక్కు మీద పని. ఇద్దరూ ఒక చెక్కను పట్టుకుని తేలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కొడుకు ఆదెయ్య కింద ఇంజను గదిలో బొగ్గు వేసేవాడు. పంతొమ్మిదేళ్ళు.

"వాడికేం కాదు వదినా," అన్నాడు చెంగయ్య దుప్పట్లో వణుకుతూనే. "నువ్వు నేర్పిన ఊపిరి గదా. చేపలే వాడి దగ్గరికొచ్చి నేర్చుకోవాల."

నాగులమ్మ తండ్రి శంఖాల కోసం సముద్రంలో మునిగేవాడు. ఆయన దగ్గర నేర్చిందే ఆమె కొడుక్కి నేర్పింది. ఐదేళ్ళవాణ్ణి నీళ్ళలో ముంచి, నెత్తిన చెయ్యి పెట్టి ఉంచేది. నేను వదలమన్నదాకా ఊపిరి వదలొద్దు. ప్రాణం పోతుందనిపించినా వదలొద్దు. వదిలావా, వీపు చీరేస్తా.

నాలుగున్నరకు ఆదెయ్య వచ్చాడు.

నడిచే వచ్చాడు. పక్క పాళెం వాళ్ళిద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. తెల్లారిన కాసేపటికే వాళ్ళ తెప్పకు దొరికాడట. గాలి లేక తెప్ప ఒడ్డు చేరేసరికి మధ్యాహ్నం దాటిందట. మెడ దవడల దాకా ఉబ్బిపోయి, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంది. కళ్ళలో తెలుపు లేదు. అంతా నెత్తురే.

"వచ్చినానమ్మా," అన్నాడు. గొంతు సన్నగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుగా ఉంది.

నాగులమ్మ వాడి మెడ నిమిరింది. వేళ్ళ కింద కరకరలాడింది. ఎండిన ఉప్పుమడిలో కాలు వేస్తే వచ్చే చప్పుడు. చెయ్యి వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేదు.

లోపల చాప మీద గోడకానించి కూర్చోబెట్టారు. గుసగుసగా చెప్పాడు. స్టీమరు పోయి అడుగున కూర్చుంది. ఇంజను గది కప్పు కింద మూరెడు గాలి మిగిలింది. ఆ మూరెడులో ఇద్దరు. తనూ, తనతోపాటు బొగ్గు వేసే నాయుడుపేట హెబ్రోను. హెబ్రోను కాలు ఇనుప గొట్టాల మధ్య ఇరుక్కుంది.

"ఆయన మద్రాసు రేవులో, ఇనప టోపీ పెట్టుకుని నీళ్ళలో దిగేవోళ్ళ దగ్గర పన్జేసినాడమ్మా. నా వంతు గాలి గూడా నువ్వే పీల్చుకో తమ్ముడా, నాకింక అక్కర్లేదు అన్నాడు. పైకి పోతా పోతా కొంచిం కొంచిం వదల్తా పో, బిగబట్టబాక అన్నాడు."

"వదిలినావా?"

"నువ్వు చెప్పలేదు గదమ్మా."

చిట్టమూరు నుంచి కాంపౌండరు ఆనందబాబు సైకిలు మీద వచ్చాడు. మెడ నొక్కి చూశాడు. లోతులో పీల్చిన గాలి పైకొచ్చే కొద్దీ పెరుగుతుందని, వదలకుండా బిగబడితే లోపల ఊపిరితిత్తి చిరుగుతుందని, ఆ గాలే ఇప్పుడు చర్మం కిందికి పాకిందని చెప్పాడు. నాగులమ్మ వింటూ తన అరచెయ్యి చూసుకుంది.

తర్వాత ఆయన గొట్టం చెవుల్లో పెట్టుకుని ఆదెయ్య రొమ్ము మీద ఆనించాడు. ఒక చోట... ఇంకో చోట... వీపు మీద. చాలాసేపు విన్నాడు. లేచి చిన్నపోలయ్యను గుమ్మం బయటికి పిలిచాడు.

"గుండె కొట్టుకుంటా ఉంది పోలయ్యా. ఊపిరి ఆడడం లేదు."

"మాట్లాడతా ఉండాడు గదయ్యా."

"అదే నాకూ తెలీడం లేదు. లారీ ఏదన్నా దొరుకుద్దేమో చూసొస్తా. కదిలించబాకండి."

సైకిలు చప్పుడు తొందరగా దూరమైపోయింది.

నాగులమ్మకు అంతా వినబడింది. ఇత్తడి చెంబు తుడిచి కొడుకు ముక్కు దగ్గర పెట్టింది. చెంబు మీద ఆవిరి పట్టలేదు. రొమ్ము నిండు కుండలా బిగిసి ఉంది. కదల్లేదు.

పొద్దుటి నుంచీ... ఒక్క గుక్క.

చీకటి పడబోతోంది. చెంగయ్య దీపం వెలిగించాడు. గదిలో బొగ్గు మసి వాసన, తడి ఇనుము వాసన. ఉబ్బు దవడ దాటి చెంపలెక్కింది. కళ్ళు పూడుకుపోతున్నాయి.

"అమ్మా... వదలమంటావా?"

"వద్దు."

"నొప్పిగా ఉందమ్మా."

"వద్దు నాయనా."

వదిలితే ఏం పోతుందో ఆమెకు తెలుసు. మెడ మీద చెయ్యి వేసింది. ఈసారి కరకరలాడలేదు. చర్మం కింద నుంచి ఏదో తట్టింది. ఇనుము మీద సుత్తితో కొట్టినట్టు. మూడు దెబ్బలు. ఆగింది. మళ్ళీ మూడు...

"ఏందిరా ఇది?"

"ఈ గాలిలో సగం ఆయనది గదమ్మా. అడుగుతా ఉండాడు."

చిన్నపోలయ్య గోడకు ఒదిగి నిలబడ్డాడు. కొడుకు కళ్ళు రెండూ మూసుకుపోయాయి. పెదాలు నల్లబడ్డాయి. మెడ మీద చర్మం దీపం వెలుగులో పల్చగా, లోపల ఏదో కదులుతున్నట్టుగా కనిపించింది. ఇంకాసేపుంటే చిరుగుతుంది.

నాగులమ్మ వాడి నెత్తిన చెయ్యి పెట్టింది.

"వదలరా నాయనా."

వదిలాడు.

ఆ ఊపిరి వస్తూనే ఉంది. దీపం వంగిపోయింది. గోడ మీద వల ఊగింది. మనిషి రొమ్ములో అంత గాలి పట్టదు. అయినా వస్తూనే ఉంది... మసి, ఉప్పు, నూనె వాసనతో. మెడ దిగింది. చెంపలు దిగాయి. రొమ్ము అడుక్కి కుంగింది.

ఆగింది.

నాగులమ్మ చెయ్యి తియ్యలేదు. ఆమె ఊపిరీ ఆగే ఉంది.

అప్పుడు రొమ్ము లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

చెంగయ్య కూలబడి ఏడుస్తూ నవ్వాడు. "చెప్పలా వదినా, వీడికేం కాదని. మడిసి కాదు, తాబేలు." చిన్నపోలయ్య గుడ్డతో మొహం తుడుచుకుంటూ, పాళెంలో చెప్పొస్తానని బయటికి పోయాడు.

వాడు కళ్ళు తెరిచాడు. ఇంటి కప్పు చూశాడు. గోడలు చూశాడు. పరాయి ఇంట్లో నిద్ర లేచినవాడిలా కాళ్ళు ముడుచుకుని మర్యాదగా సర్దుకు కూర్చున్నాడు. ఆమె మొహంలోకి చూశాడు.

"నాయుడుపేటకి బస్సు ఎన్నింటికక్కా?" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. "ఇంట్లోవోళ్ళు ఎదురు చూస్తా ఉంటారు."

చెంగయ్య నవ్వు ఆగిపోయింది.

బయట వీధిలో చిన్నపోలయ్య ఎవరికో చెబుతున్నాడు. "మా ఇంటోళ్ళు ముగ్గురూ వచ్చేసినారు. ముగ్గురూ."

నాగులమ్మ చీర కొంగు కింద వేళ్ళు మడిచింది. చిన్నపోలయ్య... ఒకటి. చెంగయ్య... రెండు.

మూడో వేలు అట్టే పట్టుకుని కూర్చుంది.