కడుపుకి కట్టిన పట్టీ

ఉదయం ఏడింటికే బల్జాన్ వంటింట్లో పిండి పిసుకుతోంది. మధ్యాహ్నానికి కొత్త వియ్యాలవారు వస్తున్నారు. కూతురు కలీమా పెళ్లయ్యాక వాళ్లు గడప తొక్కడం ఇదే మొదటిసారి. గొర్రెను కోశారు, చలికాలంలో పేగుల్లో కూరి దాచిన గుర్రం మాంసం బయటికి తీశారు, కంబళ్లన్నీ దులిపి ఎండేశారు. మా తల్గార్ ఊళ్లో వియ్యాలవారు వస్తున్నారంటే పక్కింటివాళ్లు కూడా తమ వాకిలి ఊడ్చుకుంటారు. ఇక బల్జాన్ సంగతి చెప్పాలా, నాలుగు రోజులుగా ఆవిడ ఒకచోట కూర్చున్నది లేదు.

కోడలు షినార్ కిటికీ దగ్గర నిలబడి, వడకట్టిన సూప్ నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగుతోంది. అత్త ఓరకంట చూసింది.

"అంతేనా పొద్దుటి తిండి?"

"మొన్ననే కదా అపా, పట్టీ బిగించారు. నాలుగు రోజులు పల్చటివే తాగమన్నారు." అత్తని ఆమె 'అపా' అనే పిలుస్తుంది.

"తినడానికి డబ్బులిచ్చేవాళ్లని చూశాను. తినకుండా ఉండడానికి డబ్బులు కట్టే మనిషిని నిన్నే చూస్తున్నానమ్మా."

షినార్ నవ్వేసింది. పదకొండేళ్ల కాపురంలో అత్త నోటికి అలవాటు పడిపోయింది.

రెండేళ్ల కిందట షినార్ నూట ఇరవై నాలుగు కిలోలు ఉండేది. ముప్పై మూడేళ్లకే షుగరు, మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అల్మాటీ నగరంలో ఒక డాక్టరు ఆమె కడుపు పైభాగానికి మెత్తటి పట్టీ ఒకటి బిగించాడు. దాన్ని వేసి వదిలేస్తే కుదరదు. పొట్ట మీద చర్మం కింద చిన్న బిళ్ల లాంటిది ఉంటుంది. అందులోకి సూదితో ఉప్పునీళ్లు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. ఎంత బిగించాలో మనిషిని బట్టి మారుతుంటుంది. ఆ ఆపరేషన్ కోసం మొగుడు ముఖిత్ తన రెండు గుర్రాలనూ అమ్మేశాడు. ఇప్పుడు షినార్ ఎనభై రెండు కిలోలు. షుగరు మాత్రలు సగానికి తగ్గాయి. కూతురు ఇంజు చెయ్యి పట్టుకుని మిట్ట మీదున్న బడి దాకా నడిచి వెళ్లి వస్తోంది. అలా నడిచిన ప్రతిరోజూ ఆమె మనసులో ముఖిత్‌కీ, ఆ డాక్టరుకీ, చివరికి ఆ రెండు గుర్రాలకీ కూడా దండం పెట్టుకునేది.

అత్తకి కూడా. ఆపరేషన్ అయ్యాక మూడు వారాలూ ఆమె బట్టలు ఉతికింది, తల దువ్వింది, సూప్ వడకట్టి ఇచ్చింది ఆ నోరున్న బల్జానే.

చిక్కల్లా ఇప్పుడొచ్చింది. మొదట కట్టిన డబ్బులో రెండేళ్ల పరీక్షలు కలిసే ఉన్నాయి. ఆ గడువు వసంతంలో అయిపోయింది. ఇకనుంచి వెళ్లిన ప్రతిసారీ సూదికింత, ఎక్స్‌రేకింత, రక్తపరీక్షకింత. విటమిన్ మాత్రలు ఎలాగూ తప్పవు. మొన్న ఒక్కసారికే నలభై వేల టెంగేలు ఖర్చయ్యాయి.

"రెండు గుర్రాల్ని మింగింది ఆ పట్టీ," అంది బల్జాన్, పిండిని బల్ల మీద దబ్బుమని వేసి. "నీ ఆకలి తగ్గించింది సరే, దాని ఆకలి ఎప్పుడు తగ్గుతుంది?"

"మరీ బిగుసుకున్నా ప్రమాదమే, మరీ వదులైనా దండగే అంటారు అపా. అందుకే చూపించుకుంటూ ఉండాలి."

"బాగున్న మనిషికి డాక్టరెందుకే? ఈసారితో ఆఖరని నువ్వే మాటిచ్చావు, గుర్తుందా?"

"ఉంది." షినార్ తల వంచుకుంది. కలీమా కొత్త కాపురానికి పంపాల్సినవి చాలా ఉన్నాయి. అత్త కాదన్నాక ముఖిత్‌ని ఇద్దరి మధ్యా నలిపేయడం ఆమెకి ఇష్టం లేకపోయింది. అందుకే ఇచ్చేసింది మాట. ఇచ్చిన రోజునుంచీ లోపల భయంగానే ఉంది.

"ఇంకో ముక్క. వియ్యాలవారి ముందు ఈ పట్టీ మాట ఎత్తకు. ఆసుపత్రికెళ్లి కడుపు కట్టించుకున్న కోడలట అని చెప్పుకుంటారు. రేపు మన కలీమాని అక్కడ సూటిపోటి మాటలంటారు."

"మరి నన్ను తినమంటేనో?"

"టీ పోసే మనిషివి నువ్వు. కోడలు తిన్నదా లేదా అని ఎవరు చూస్తారు?" అంది బల్జాన్. అన్న మాట ఆవిడకి వింతగా అనిపించలేదు. షినార్‌కి మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

పన్నెండింటికి వచ్చారు వియ్యాలవారు, పదకొండుమంది. కలీమా మామగారు సెయిత్‌ఖాన్‌కి డెబ్బై రెండేళ్లు. తెల్లటి గడ్డం, పెద్ద గొంతు, ఇంకా పెద్ద నవ్వు. ఆయన్ని పెద్దలు కూర్చునే పై చోట కూర్చోబెట్టారు. గౌరవంగా గొర్రె తలకాయ ఆయన ముందు పెట్టారు. షినార్ టీ నీళ్లు కాగే సమోవార్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని గిన్నెల్లో టీ పోస్తూనే ఉంది. మర్యాద తెలిసిన కోడలు గిన్నె నిండా పొయ్యదు. కొంచెం కొంచెం పోసి మళ్లీ మళ్లీ అందిస్తుంది. మూడు గంటల్లో ఆమె ఎన్ని గిన్నెలు అందించిందో లెక్క లేదు.

భోజనం చివరికొచ్చింది. పెద్ద పళ్లెంలో మిగిలిన మాంసమూ కొవ్వూ కలిపి సెయిత్‌ఖాన్ పిడికిట్లోకి తీసుకున్నాడు. మా పెద్దవాళ్లు అలా తీసుకున్నారంటే చిన్నవాళ్ల నోట్లో స్వయంగా పెట్టడానికే. అది తిండి కాదు, దీవెన. ఆ చేతి ముందు తల తిప్పుకున్న కోడల్ని నేనైతే ఇంతవరకూ చూడలేదు.

"ఏమ్మా కోడలా, ఇలా రా," అన్నాడాయన. "వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, మాకు పొయ్యడమే గానీ నువ్వు ముట్టింది లేదు. ఇంత మంచి టీ నా పెళ్లిలో కూడా తాగలేదు. రా, నోరు తెరువు."

అందరూ నవ్వారు. షినార్ అత్త వైపు చూసింది. ఒక్క మాట చాలు. 'దానికి ఒంట్లో బాలేదు అన్నయ్యగారూ, ఇవాళ వద్దు' అంటే సరిపోయేది. ముఖిత్ అప్పుడే ఇంకో సమోవార్ కోసం పెరట్లోకి వెళ్లాడు. బల్జాన్ కళ్లెత్తి కోడలి వైపు చూసింది. ఆ చూపు 'తెరువు' అంది.

షినార్ నోరు తెరిచింది.

వంటింట్లోకి పోయి ఉమ్మేద్దామనుకుంది. కానీ వియ్యపురాలు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నములు తల్లీ, నములు," అంటూ అందరూ ఆమె మొహంకేసే చూస్తున్నారు. నమిలినంత నమిలి, కళ్లు మూసుకుని మింగింది.

పది నిమిషాల తర్వాత బల్జాన్ వంటింట్లోకి వచ్చేసరికి కోడలు తొట్టి మీద వంగిపోయి ఉంది. గుండె మధ్యలో పిడికిలి పెట్టి నొక్కుకుంటోంది. నోట్లోంచి లాలాజలం కారుతోంది.

"నీళ్లు తాగు, దిగిపోతుంది."

తాగిన నీళ్లు తాగినట్టే వెనక్కి వచ్చేశాయి. "ఉమ్మి కూడా దిగట్లేదు అపా," అంది షినార్, ఊపిరి అందక.

అప్పుడు పుట్టింది బల్జాన్‌కి భయం.

ముఖిత్ కారు బయటికి తీసేసరికి సెయిత్‌ఖాన్ చెప్పులు తొడుక్కుని తయారుగా నిలబడ్డాడు. వద్దన్నా వినలేదు. "నా చేత్తో పెట్టాను. నేనూ వస్తా," అని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. దారిలో ఏమైందని అడిగితే బల్జాన్, "ఎముక ముక్క అడ్డం పడినట్టుంది," అంది.

"వేళ్లతో తడిమి మరీ పెట్టానమ్మా. ఎముక లేదే," అన్నాడాయన.

అల్మాటీ క్లినిక్‌లో నర్సు వేరా పెత్రోవ్నా షినార్‌ని చూడగానే పరిస్థితి అర్థం చేసుకుంది. ఆమెను లోపలికి తీసుకెళ్లి, డాక్టర్ని పిలిచింది. మిగతా ముగ్గురూ నడవలో బల్ల మీద కూర్చున్నారు. సెయిత్‌ఖాన్ తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది తనది కానట్టు చూసుకుంటున్నాడు.

"ఈ చేత్తో యాభై ఏళ్లుగా ఎంతమంది పిల్లలకి పెట్టానో," అన్నాడు మెల్లిగా. "ఎవరికీ ఏమీ కాలేదు. చెయ్యి చెడినట్టుంది చెల్లెమ్మా. ఇంక ఎవరికీ పెట్టను."

ముఖిత్ లేచి నిలబడ్డాడు. ఇంట్లో గొంతెత్తని మనిషి. "అమ్మా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏం చెప్పాలిరా?"

"ఏం చెప్పాలో నీకు తెలీదా? లోపల అది ఉమ్మి మింగలేక అల్లాడుతోంది. ఇక్కడ ఈ పెద్దాయన చెయ్యని తప్పుకి కుమిలిపోతున్నాడు. ఇంకా ఎముక అనే అంటావా?"

పరువు కోసం బల్జాన్ చాలా చేసింది జీవితంలో. కానీ ఆ ముసలాయన చెయ్యి అలా ఒళ్లో పడి ఉంటే చూడలేకపోయింది.

"అన్నయ్యగారూ, తప్పు మీ చేతిది కాదు, నా కళ్లది," అంది. "దాని కడుపుకి పట్టీ ఉంది. రెండేళ్ల కిందట వేయించాం. మొన్ననే బిగించారు. ఇవాళ అది మాంసం ముట్టకూడదు. నాకు తెలుసు. అది నా మొహం చూసింది, కాపాడమని. నేను తినమని కళ్లతోనే బెదిరించాను. మీ ముందు చులకనైపోతామని. ఆ సూదికి పెట్టే డబ్బులు కూడా దండగని పొద్దున్నే సాధించాను. ఇంక ఆసుపత్రికి వెళ్లనని దానిచేత మాట తీసుకున్నాను." షినార్‌ని తీసుకెళ్లిన గది వైపు చూసింది. "అది నన్ను ఎదిరించి ఉంటే బాగుండేది. పదకొండేళ్లలో ఒక్కసారైనా ఎదిరించలేదు."

సెయిత్‌ఖాన్ గడ్డం నిమురుకున్నాడు. తిడతాడనే అనుకున్నారు తల్లీకొడుకులు.

"మా ఆవిడ నోట్లో ఒక్క సొంత పన్ను లేదు," అన్నాడాయన. "మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది, చులకనైపోతామని. ఇందాక మాంసం నమల్లేక అంతా నా పళ్లెంలోకే తోసింది. ఇట్లా ఇద్దరూ దాచుకుంటూ కూర్చుంటే ఇక చుట్టరికం ఏంటమ్మా?"

బల్జాన్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తలుపు సగం తెరిచే ఉంది. లోపల మంచం మీద షినార్ అదంతా వింది. అప్పటికే డాక్టరు సూదితో పట్టీలోని నీళ్లు తీసేశాడు. ఇరుక్కున్నది దిగిపోయింది. వేరా పెత్రోవ్నా ఇచ్చిన రెండు గుక్కల నీళ్లు చల్లగా లోపలికి జారాయి. నీళ్లు మింగగలగడం ఎంత గొప్ప సంగతో ఆమెకి ఆ క్షణంలో తెలిసింది.

"ఇప్పుడు పట్టీ పూర్తిగా వదులుగా ఉంది," అంది నర్సు. "ఆకలి ఎక్కువేస్తుంది, కంగారు పడకండి. ఐదు వారాలాగి కొంచెం, తర్వాత ఇంకొంచెం బిగిస్తాం. కనీసం మూడుసార్లు రావాలి. తేదీ రాసిస్తాను."

"రాయకండి," అంది షినార్. "రాలేను. ఇంట్లో మాటిచ్చాను."

"ఎవరికిచ్చావు?" బల్జాన్ గుమ్మంలో నిలబడి ఉంది. "నాకేగా? నాకొద్దు ఆ మాట. తీసుకున్నందుకే సిగ్గుగా ఉంది. రాయమ్మా నర్సమ్మా, తేదీ రాయి."

"అపా, కలీమాకి పంపాల్సినవి..."

"కలీమాకి మొగుడున్నాడు, మామగారున్నాడు, పళ్లు లేని అత్త కూడా ఉంది. కంబళ్లు రెండు తక్కువైతే చలికి చచ్చిపోదు." బల్జాన్ దగ్గరికొచ్చి కోడలి నుదుటి మీద చెమట తన రుమాలుతో తుడిచింది. తర్వాత నర్సు వైపు తిరిగింది. "ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో నాకు చెప్పు. దీనికి చెప్తే నాకు చెప్పదు, నేను అరుస్తానని. ఇంతకీ ఇలా ఎన్నాళ్లు తిరగాలి?"

"పట్టీ లోపల ఉన్నన్నాళ్లూ."

"అంటే?"

"జీవితాంతం అనుకోండి. బాగున్నా ఏడాదికోసారైనా రావాలి."

బల్జాన్ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. ఖర్చు లెక్క అనుకుని షినార్ కళ్లు దించుకుంది.

"నాకు అరవై రెండు," అంది బల్జాన్. "నా కాళ్లు ఆడినన్నాళ్లు నేను తీసుకొస్తా. ముఖిత్, విన్నావా? నేను పోయాక నువ్వు తీసుకురావాలి. నువ్వు మర్చిపోయే రకం, అందుకని ఇంజుకి కూడా నేర్పించి పోతాను. దీన్ని ఎప్పుడూ ఒంటరిగా పంపకండి."

వియ్యాలవారి ముందు గొడవ కాకూడదని పొద్దుట్నుంచీ షినార్ బిగపట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. అత్త చెయ్యి తన బుగ్గకి ఆనించుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అది నొప్పికి వచ్చిన ఏడుపు కాదు. తన ప్రాణాన్ని ఒకరు తాము పోయిన తర్వాతి రోజులకి కూడా కలిపి లెక్కలోకి తీసుకున్నారన్న సంతోషానికి వచ్చింది.

బల్జాన్ కంగారుగా నర్సు వైపు చూసింది. "ఇలా ఏడవచ్చా? పట్టీకి ఏమైనా అవుతుందా?"

"ఏమీ కాదు. ఎంతైనా ఏడవచ్చు."

"అయితే ఏడు తల్లీ," అంది బల్జాన్. మంచం అంచున కూర్చుని కోడలి తల ఒళ్లోకి తీసుకుంది. ఆ రుమాలుతోనే తన కళ్లూ తుడుచుకుంది.