చచ్చి లేచే కొమ్మ

మిట్టమధ్యాహ్నం...!

నీడ కూడా కాళ్ల కింద నక్కే ఘోరఘడియ. చుక్క రాల్చని ఆకాశంలో ఉత్త ఉరుము... పట్టపగలే గుడ్లగూబ కూత! బుహెరా గుట్టల నల్లబండ మీద మాంత్రికుడు జిన్యెంబా ఒళ్లో కపాలం పెట్టుకుని వికటాట్టహాసం చేస్తున్నాడు.

కపాలం కంటిగుంతలో ఒక ఎండుకొమ్మ. ముఫందిచిముక... అంటే చచ్చి లేచేది! ఏళ్లకేళ్లు పుల్లలా పడుండి, తడి తగిలితే చాలు పచ్చబడే మొక్క. తనను పెళ్లాడనన్న సెకాయి ప్రాణాన్ని ఆ దుర్మార్గుడు అందులో బంధించాడు. కొమ్మను నూరి పొడి చేశాడా, ఆమె శాశ్వతంగా వాడి దాసీపిశాచం!

"అత్తా... ఎండిపోతున్నానే!" బండ మీద గిలగిలలాడుతూ సెకాయి అరిచింది. మరుక్షణమే ఆ గొంతులోంచి జిన్యెంబా నవ్వు!

మేనత్త కేసియా గుండె చెరువైంది. సొరబుర్రలోని నీళ్లు కొమ్మ మీద కుమ్మరించింది. తాకకముందే ఆవిరి...!

"నీ నీళ్లు నా మంత్రాన్ని దాటలేవే ముసలీ!"

కేసియా మోకాళ్ల మీద కూలబడింది. రెండు చేతులా నశ్యం చాచింది. "ఓడిపోయానయ్యా. ఇది పుచ్చుకుని, దాన్ని బాధ పెట్టకుండా చంపు."

వాడు లటుక్కున లాక్కుని పీల్చాడు.

"తీసుకుని ఊరుకుంటావేం? మీ అమ్మ మర్యాద నేర్పలేదా, దుమ్ములగొండి పెంచిందా?"

ఆ మాట వాడికి చురుక్కుమంది. ఆ గడ్డన ఏది పుచ్చుకున్నా చప్పట్లు చరిచి, ఇచ్చినవాళ్ల వంశం పేరెత్తి మెచ్చుకోవాలి. తల్లిపాలతో వచ్చిన అలవాటు, మంత్రగాడైతే మాత్రం పోతుందా! చేతులు వాటంతటవే కలిశాయి.

"మేలు చేశావు, మడుగు తల్లీ!"

అని నాలిక కరుచుకున్నాడు. కేసియా వంశం మడుగు... సెకాయిదీ అదే! మంత్రం కట్టిన నోరే జలాన్ని పిలిచింది!!

పెళపెళమంటూ ఆకాశం బద్దలైంది. మడుగు వంశపు పితృదేవతలు ధారాపాతంగా దిగొచ్చారు! కొమ్మ వణికింది... ముడుచుకున్న ఆకు విచ్చుకుంది... పచ్చన! కట్టిన మంత్రం తిరగబడి జిన్యెంబా కెవ్వున కేకేశాడు. వాడి బుగ్గలు పీక్కుపోయాయి, వేళ్లు కొంకర్లు తిరిగాయి, ఒంట్లో తడంతా ఇగిరి పుల్లలా ఒరిగిపోయాడు.

సెకాయి లేచి కూర్చుంది. గుట్టంతా పచ్చబడుతోంది. వాన వాడి మీదా కురుస్తోంది.

"అత్తా... తడుస్తున్నాడే! లేస్తాడా?" ఆమె అత్త చెయ్యి పట్టుకుంది.

కేసియా ఆమెను గట్టిగా పొదువుకుంది. "మొక్కకున్న గుణం వాడికెక్కడిదే పిచ్చిదానా! పద, ఇంటికెళ్లి గంజి తాగుదువుగాని."